సారంగాపూర్‌లో సముద్రపు తొట్టె: ఉప్పు నుంచి చేప దాకా లెక్క

పసుపు, మొక్కజొన్న, వడ్లు, మామిడి - సారంగాపూర్ మండలం రైతు ధారణ చూసే సరుకులు ఇవి. సముద్రపు సరుకు అంటే ఇక్కడి అంగళ్లలో ఉప్పు, ఎండు రొయ్యలు, ఎండు చేపలు, అంతే. ధర్మపురి వద్ద పారే గోదావరి అంతర్వేది దగ్గర సముద్రంలో కలుస్తుంది గాని సముద్రం మాత్రం తిరిగి ఇటు రాదు. అటువంటి చోట సముద్రపు నీటి తొట్టె పెట్టి, నారింజ రంగుపై తెల్ల పట్టీలు ఉండే క్లౌన్ చేపలను, అవి ఆశ్రయించే ఎనిమోన్ అనే సముద్రపు పువ్వును పెంచాలనే కోరిక వింతగా తోచవచ్చు.

వింత ఏమీ లేదు. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతాల నుంచి గల్ఫ్ దేశాలకు వెళ్లినవారికి ఈ చేప కొత్తది కాదు. 2008లో తెరిచిన దుబాయ్ మాల్ అక్వేరియం ముందు నిలబడి ఫొటో దిగని మన ప్రాంతపు కార్మికుడు అరుదు. ఒమన్ తీరంలోనైతే ఆ దేశం పేరుతోనే పిలిచే క్లౌన్ చేప జాతి ఒకటి ఉంది. 2003లో వచ్చిన 'ఫైండింగ్ నీమో' చలనచిత్రం ఈ చేపను పిల్లలకు పరిచయం చేసింది. సెలవుకు ఇల్లు చేరినవారిలో కొందరికి ఇంట్లో అటువంటి తొట్టె ఒకటి ఉంటే బాగుండుననిపిస్తుంది. మరికొందరికి అదే వ్యాపారంగా పనికివస్తుందా అనిపిస్తుంది. రెండు కోరికలకూ లెక్క ఒకచోటనే మొదలవుతుంది. ఎడారిలో కూడబెట్టిన రొక్కం నీటిపాలు కాకుండా ఆ లెక్క ముందుగా వేసుకోవడం మేలు.

ఉప్పు ఒకటే కాదు

అందరూ మొదట అడిగే మాట: సముద్రపు నీరంటే ఉప్పు నీరే కదా, అంగడి ఉప్పు కలిపితే చాలదా? చాలదు. కారణం ఉప్పు మళ్లలోనే ఉంది. శ్రీకాకుళం జిల్లా నౌపడ మళ్లలో సముద్రపు నీటిని ఎండగడతారు. నీరు చిక్కబడే కొద్దీ ముందుగా సున్నపు జాతి లవణాలు అడుగున పేరుకుంటాయి. తరువాత మామూలు ఉప్పు గడ్డకడుతుంది. మెగ్నీషియం, పొటాషియం ఉన్న చేదునీరు మిగులుతుంది, దానిని వంచివేస్తారు. వంటకు అది మంచిదే. ఎందుకంటే చేదు పోయి ఉప్పు ఒక్కటే మిగిలింది. కాని చేపకు, ఎనిమోన్‌కు ఆ పోయినవన్నీ కావాలి.

కిలో సముద్రపు నీటిలో దాదాపు 35 గ్రాముల లవణాలు ఉంటాయి. అందులో క్లోరైడ్ 19 గ్రాములకు పైన, సోడియం 10 గ్రాములకు పైన, సల్ఫేట్ సుమారు 2.7 గ్రాములు, మెగ్నీషియం సుమారు 1.3 గ్రాములు, కాల్షియం, పొటాషియం చెరి 0.4 గ్రాములు. ఈ పాళ్లలో తయారుచేసిన 'సింథటిక్ సీ సాల్ట్' అనే మిశ్రమం అక్వేరియం దుకాణాలలో బకెట్లలోను, సంచులలోను దొరుకుతుంది. ధర వంట ఉప్పుకు ఎన్నో రెట్లు. పాకెట్ ఉప్పులో అయోడిన్, గడ్డకట్టకుండా కలిపే పొడి కూడా ఉంటాయి కనుక ఆ దారి పూర్తిగా మూసుకోవాలి.

తీరం నుంచి డ్రమ్ములలో సముద్రపు నీరు తెప్పించడం లాభసాటి కాదు. నీటి ధర ఏమీ ఉండదు గాని బాడుగ తడిసి మోపెడవుతుంది. రేవుల దగ్గరి నీటిలో నూనె, మురుగు ఉంటాయి. వానకాలంలో నదుల నోళ్ల దగ్గర ఉప్పదనం తగ్గిపోతుంది. లోతట్టు ప్రాంతానికి మిశ్రమమే గతి.

తూకం లెక్క

నాలుగడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తు గల తొట్టెను నమూనాగా తీసుకుందాం. అంచు దాకా నింపితే 250 లీటర్లకు కొంచెం పైన పడుతుంది. రాళ్లు, పైన వదిలే ఖాళీ పోగా 200 లీటర్ల నీరు ఉంటుంది. అద్దం, నీరు, రాళ్లు, స్టాండు కలిపి బరువు మూడు క్వింటాళ్లకు తక్కువ ఉండదు. కర్ర బల్లపై, ఒక మూల వంగిన నేలపై పెట్టరాదు.

లీటరుకు సుమారు 37 గ్రాముల మిశ్రమం చొప్పున మొదటిసారి ఏడున్నర కిలోలు కావాలి. చాలామంది ఇక్కడే లెక్క ఆపివేస్తారు. అసలు ఖర్చు ఆ తరువాతనే ఉంది. వారానికి పదోవంతు నీరు, అనగా 20 లీటర్లు తీసి కొత్త నీరు పోయాలి. దానికి వారానికి 740 గ్రాములు. ఏడాదికి 38 కిలోలకు పైన. మొదటిదానితో కలిపి తొలి ఏడు 46 కిలోలు. మీ దుకాణదారు చెప్పే కిలో ధరను 46తో గుణించి చూసుకున్న తరువాతనే తొట్టెకు బయానా ఇవ్వండి.

నీటి లెక్క ఇంకొకటి. మొదట 200 లీటర్లు, ఏడాది పొడుగునా మార్చేది 1,040 లీటర్లు. రోజుకు సగటున రెండు లీటర్లు ఆవిరైతే మరో 730 లీటర్లు. మొత్తం సుమారు రెండు వేల లీటర్లు, అనగా ఇరవై లీటర్ల డబ్బాలు దాదాపు వంద. ఆవిరైన మేరకు మంచినీరే పోయాలి, ఉప్పునీరు కాదు. నీరే గాని ఉప్పు ఆవిరి కాదు. ఈ చిన్న సంగతి తెలియక రోజూ ఉప్పునీరు పోసి, నెల తిరిగేలోగా తొట్టెను ఉప్పుమడి చేసేవారు ఉన్నారు.

బోరు నీరు నేరుగా పనికిరాదు. మన ప్రాంతపు బోర్లలో గట్టిదనం, ఎరువుల నుంచి దిగే నైట్రేటు ఉండే అవకాశం ఎక్కువ. మిషన్ భగీరథ నల్లా నీటిలో క్లోరిన్ ఉంటుంది. అది మనిషికి రక్షణ, చేపకు మంట. ఆర్‌ఓ నీరు మేలు. డబ్బా నీరు కొంటే టీడీఎస్ మీటరుతో ఒకసారి చూసుకోవాలి. పది లోపు ఉంటే ఉత్తమం. ఇంట్లో ఆర్‌ఓ యంత్రం పెట్టుకుంటే లీటరు మంచినీటికి రెండు మూడు లీటర్లు బయటకు పోతుంది. ఆ నీటిని పెరటి చెట్లకు మళ్లించడం మరువరాదు.

ఉప్పదనం కొలవడానికి హైడ్రోమీటరు గాని, రిఫ్రాక్టోమీటరు గాని తప్పనిసరి. సాంద్రత 1.025 దగ్గర నిలబడాలి. తక్కెడ లేకుండా పసుపు అమ్మేవారు ఉండరు. కొలత లేకుండా ఈ తొట్టె నడపడమూ అంతే.

వేడి, కరెంటు

ఈ వ్యాపకానికి మన జిల్లాలో అసలు శత్రువు దూరం కాదు, ఎండ. చేపకు, ఎనిమోన్‌కు 25 నుంచి 28 డిగ్రీల నీరు సుఖం. జగిత్యాల ప్రాంతంలో మే నెల ఎండ 45 డిగ్రీలు దాటడం పరిపాటి. రేకుల గదిలో, డాబా కింది గదిలో నీరు 32, 33 డిగ్రీలకు చేరితే ఎనిమోన్ తన శరీరంలోని నాచుకణాలను వెళ్లగక్కి తెల్లబడుతుంది. ఆ నాచే దానికి సగం తిండి. మరోవైపు చలికాలపు రాత్రి నీరు 20 కిందికి జారుతుంది. కనుక వేసవికి చిల్లరు, చలికి హీటరు రెండూ కావాలి. నీటిపై చిన్న ఫ్యాను పెడితే రెండు మూడు డిగ్రీలు తగ్గవచ్చు గాని గాలిలో తడి ఎక్కువైన రోజున అది పనిచేయదు.

కరెంటు లెక్క ఇలా వేయవచ్చు. 30 వాట్ల పంపు రాత్రింబవళ్లు తిరిగితే నెలకు దాదాపు 22 యూనిట్లు. 100 వాట్ల ఎల్‌ఈడీ దీపం రోజుకు తొమ్మిది గంటలు వెలిగితే 27 యూనిట్లు. 300 వాట్ల చిల్లరు వేసవిలో రోజుకు పది గంటలు నడిస్తే 90 యూనిట్లు. వేసవి నెలలో ఈ ఒక్క తొట్టెకు దాదాపు 140 యూనిట్లు అవుతాయి. అవి ఇంటి వాడకంపై పడి బిల్లును పై స్లాబుకు నెడతాయి. నష్టం యూనిట్లలో కాదు, ఆ స్లాబులో ఉంటుంది.

సిరిసిల్ల మరమగ్గం కరెంటు పోతే ఆగుతుంది, వస్తే మళ్లీ ఆడుతుంది. తొట్టె అలా కాదు. ఈదురుగాలికి తీగ తెగి రాత్రంతా పంపు ఆగితే నీటిలో ప్రాణవాయువు అడుగంటుతుంది. ఇన్వర్టరుకు పంపును కలపడం, లేదా బ్యాటరీతో నడిచే గాలి పంపు ఒకటి దగ్గర పెట్టుకోవడం విలాసం కాదు.

మాగనివ్వాలి

తొట్టె నింపిన రోజే చేపను తేవడం పెట్టుబడి పోగొట్టుకునే దగ్గరి దారి. చేప విసర్జనం, మిగిలిన తిండి అమోనియాగా మారుతాయి. అది విషం. ఒక రకం బాక్టీరియా దానిని నైట్రైటుగాను, మరొక రకం నైట్రేటుగాను మారుస్తాయి. ఆ బాక్టీరియా పెరగడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. పచ్చి పేడ పొలానికి వేస్తే మొక్క మాడుతుంది, మాగిన ఎరువు వేస్తే పెరుగుతుంది. రైతుకు ఇంతకంటె విడమరచి చెప్పనక్కరలేదు. చుక్కల మందుతో వచ్చే పరీక్ష పెట్టెలో అమోనియా, నైట్రైటు రెండూ సున్నా చూపించిన తరువాతనే చేప ఊసు.

బాక్టీరియా నిలవడానికి రంధ్రాలు గల రాయి కావాలి. కరీంనగర్ గ్రానైటుకు పేరెంత ఉన్నా ఈ పనికి రాదు, దానికి రంధ్రాలు లేవు. సెరామిక్ రింగులు, కాల్చిన మట్టి ముక్కలు మేలు. సముద్రం నుంచి తీసిన పగడపు రాయి ఎవరైనా తక్కువ ధరకు ఇస్తామంటే తీసుకోరాదు. పగడాలు వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఉన్నాయి. పెద్దపులికి వర్తించే శిక్షలే దీనికీ వర్తిస్తాయి. దొంగ సరుకు చౌక అన్న మాట ఇక్కడ ఖరీదైన మాట.

చేప ముందు, పువ్వు తరువాత

రెండూ కలిసే ఉండాలన్నది పొరపాటు. సముద్రంలో క్లౌన్ చేపకు ఎనిమోన్ లేనిదే రక్షణ లేదు. ఎనిమోన్ ముళ్లు ఇతర చేపలను కుడతాయి. తన ఒంటిపై ఉన్న జిగురు పొర వలన క్లౌన్ చేప వాటి మధ్య తిరుగుతుంది. ప్రతిగా, ఎనిమోన్‌ను కొరికే చేపలను అది తరుముతుంది. తొట్టెలో తరిమే శత్రువు లేడు. హేచరీలో పుట్టిన క్లౌన్ చేప ఎనిమోన్ లేకుండానే పదేళ్లకు పైన బతకగలదు.

ఎనిమోన్ మాట వేరు. దానికి బలమైన దీపం, నిలకడైన నీరు కావాలి. తొట్టెకు ఆరు నెలలైనా నిండక ముందు దానిని తేరాదు. నచ్చని చోట అది నిలవదు, పాదంతో జరుగుతూ పోయి పంపు నోటిలో పడుతుంది. పంపుకు జల్లెడ మూత తప్పనిసరి. చచ్చిన ఎనిమోన్‌ను గంటలలో తీయకపోతే తొట్టె మొత్తం కుళ్లుతుంది. కొనేవారు 'బబుల్ టిప్' జాతిని అడగడం మంచిది. అది తొట్టెలోనే రెండుగా చీలి పెరుగుతుంది, సముద్రం నుంచి తీసే అవసరం తగ్గుతుంది. ఎనిమోన్ ఆయుష్షు చిన్నది కాదు. స్కాట్లండులో 1828లో పట్టిన ఒకటి ఎడింబరోలో 1887 దాకా బతికింది. మనిషి ఆయుష్షుతో పోటీపడే ప్రాణిని నెల రోజుల ముచ్చటకు కొనడం న్యాయం కాదు, వ్యాపారమూ కాదు.

ఇంట్లోని కొన్ని అలవాట్లు మార్చుకోవాలి. రాగి బిందె నీరు మనిషికి మంచిదంటారు, రాగి ఎనిమోన్‌కు విషం. చేపల రోగాలకు వాడే రాగి మందు పెద్ద తొట్టెలో పోయరాదు. కొత్త చేపను రెండు నుంచి నాలుగు వారాలు వేరే టబ్బులో ఉంచి చూడాలి. దోమల మందు చల్లడం, పత్తి చేనుకు మందు కొట్టి వచ్చిన చేతితో తొట్టెలో చెయ్యి పెట్టడం రెండూ కూడదు.

కొనేటప్పుడు ఒకే తొట్టెలోని రెండు పిల్లలను, ఒకటి పెద్దది ఒకటి చిన్నది చూసి తీసుకోవాలి. క్లౌన్ చేపలన్నీ మొదట మగవే. పెద్దది ఆడదిగా మారుతుంది, రెండవది మగదిగా నిలుస్తుంది. ఆడది చనిపోతే ఆ మగదే ఆడది అవుతుంది. దుకాణదారు మన ఎదుట మేత వేయాలి, చేప తినాలి. ఒంటిపై తెల్ల చుక్కలు, ఆయాసం ఉంటే ఎంత తగ్గించి ఇచ్చినా వద్దు.

గిట్టుబాటు మాట

ఇక వ్యాపారం సంగతి. క్లౌన్ చేపలను తొట్టెలలో పొదిగించడం మన దేశానికి కొత్త కాదు. కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ శాస్త్రజ్ఞులు తమిళనాడులోని మండపం, కేరళలోని విళింజం కేంద్రాలలో 2000 తరువాతి సంవత్సరాలలో ఈ పద్ధతిని స్థిరపరిచారు. జత చేపలకు గుడ్లు పెట్టడానికి వేయి రూపాయల సరంజామా అక్కరలేదు, కుమ్మరి కాల్చిన కుండ పెంకు చాలు. వందల గుడ్లను పెంకుకు అంటించి మగది కాపలా కాస్తుంది. వారం పది రోజులకు, దీపం ఆర్పిన తరువాత చీకటిలో పిల్లలు బయటపడతాయి.

కష్టం అక్కడి నుంచి. అప్పుడు పుట్టిన పిల్ల నోటికి రోటిఫర్ అనే కంటికి ఆనని జీవి తప్ప మరొకటి పట్టదు. రోటిఫర్‌కు నాచు నీరు మేత. నాచును పెంచాలి, దానితో రోటిఫర్‌ను పెంచాలి, దానితో పిల్లను పెంచాలి, ఆపైన ఆర్టీమియా ఇవ్వాలి. ఒక గొలుసులో ఏ కడియం తెగినా ఆ ఈతలో పిల్లలు మిగలవు. పొరుగూరి పాడి రైతుకు గడ్డి, దాణా అంగట్లో దొరుకుతాయి. ఈ మేత మన దగ్గర దొరకదు, పండించుకోవాలి.

కాలం లెక్క కూడా చూడాలి. పిల్ల జతను కొని తెస్తే గుడ్లు పెట్టే ఈడుకు రావడానికి ఏడాది పట్టవచ్చు. గుడ్డు నుంచి అమ్మకపు సైజుకు మరో మూడు నాలుగు నెలలు. పసుపు తొమ్మిది నెలలకు చేతికి వస్తుంది. ఇందులో పదిహేను, పదహారు నెలలకు ముందు రొక్కం కళ్లబడదు. ఆ కాలమంతా ఉప్పు, నీరు, కరెంటు ఖర్చు ఆగదు.

చెరువులో రవ్వ, బొచ్చె కిలోలలో తూగుతాయి, గట్టుమీదనే అమ్ముడవుతాయి. క్లౌన్ చేప జతల లెక్కన అమ్ముడవుతుంది. కొనేవాడు సారంగాపూర్‌లో లేడు, జగిత్యాలలో అరుదు. గిరాకీ సుమారు 200 కిలోమీటర్ల దూరాన ఉన్న హైదరాబాదులో ఉంది. ప్రాణవాయువు నింపిన పాలిథిన్ సంచులలో, థర్మాకోల్ పెట్టెలలో రాత్రి బండికి పంపితే సరుకు చెడకుండా చేరుతుంది. కాని దుకాణదారు ముందుగా 'తీసుకుంటాను' అనాలి. కొనుగోలుదారు మాట లేకుండా పండించిన సరుకుకు ధర కొనుగోలుదారే చెబుతాడు. ఈ పాఠం మన పసుపు రైతుకు ఎవరూ నేర్పనక్కరలేదు.

2020లో మొదలైన ప్రధానమంత్రి మత్స్య సంపద యోజన మార్గదర్శకాలలో అలంకార చేపల పెంపకానికి చోటు కల్పించారు. పెరటి యూనిట్‌కు ఖర్చు 3 లక్షల రూపాయలుగా, మధ్యతరహా యూనిట్‌కు 8 లక్షలుగా నిర్ణయించారు. సాధారణ వర్గానికి 40 శాతం, ఎస్సీ, ఎస్టీలకు, మహిళలకు 60 శాతం సహాయం అని చూపారు. పథకం గడువు, నిధుల లభ్యత జిల్లా మత్స్యశాఖ కార్యాలయంలో విచారించి, మంజూరు కాగితం చేతికి అందిన తరువాతనే అప్పు చేయాలి. సబ్సిడీని ఆదాయంలో రాసుకొని మొదలైన యూనిట్లు సబ్సిడీతోనే ముగుస్తాయి.

చివరి ధారణ

ముచ్చటకు పెట్టేవారికి మాట ఇది: వానకాలం తరువాత తొట్టె నింపండి. శీతాకాలం మాగనివ్వండి. ఒక జత చేపలను మాత్రమే తెచ్చి ఒక మే నెల దాటించండి. ఆ మే నెలలో నీరు 28 డిగ్రీల దగ్గర నిలిపినవారికే ఎనిమోన్ కొనే అర్హత. వ్యాపారం తలచేవారు అదే జతతో, ఒక కుండ పెంకుతో మొదలుపెట్టండి. అవి గుడ్లు పెట్టి, ఒక ఈతలో పదుల పిల్లలనైనా మీ చేతితో అమ్మకపు సైజుకు తెచ్చిన తరువాత రెండవ తొట్టె గురించి ఆలోచించండి.

గల్ఫ్ నుంచి పంపిన ప్రతి రూపాయి వెనుక ఒక మనిషి ఇంటికి దూరంగా గడిపిన రోజు ఉంది. దానిని పూర్తిగా ఒక్క వేసవి పందెంపై పెట్టరాదు. ప్రస్తుతానికి ఈ సరుకులో తొందర కొనుగోళ్లు మంచివి కావు. చిన్న మదుపు, నిలకడైన నీరు, నిదానమైన చేయి ఉన్నవారికి మాత్రం దారి మూసుకుపోలేదు.